సోంపేట బీల: కాల్పుల రోజున వెలువడిన రెండో నిర్ణయం

శ్రీకాకుళం జిల్లా బూర్జ, సరుబుజ్జిలి మండలాల పరిధిలో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదనను గిరిజన గ్రామాలు వ్యతిరేకిస్తుండటంతో సోంపేట పేరు మళ్లీ వినిపిస్తోంది. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్రాజెక్టును వ్యతిరేకించినవారిపై జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిందే కనుక దాన్ని ఇక్కడ వివరించనక్కరలేదు. ఇవాళ్టి వివాదానికి ఎక్కువగా పనికివచ్చేది అదే రోజు ఢిల్లీలో వెలువడిన నిర్ణయం. సోంపేటలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ పెట్టదలచిన ఆ థర్మల్ ప్రాజెక్టుకు 2009 డిసెంబరులో ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ రోజే రద్దు చేసింది.

రద్దుకు మూలం భూమి స్వభావమే. 2008లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ద్వారా కేటాయించిన 972 ఎకరాలను ప్రాజెక్టు పత్రాలు పెద్దగా ఉపయోగం లేని ప్రభుత్వ భూమిగా చూపాయి. అదే భూమి గురించి ఊళ్లవాళ్లు చెప్పింది వేరు. తూర్పు కనుమల నుంచి దిగివచ్చే వాననీరు సముద్రంలో కలిసే ముందు బీల అనే ఈ పల్లపు చిత్తడి నేలలో నిలుస్తుంది. ఆ నీటిని ఎత్తిపోతలతో తోడుకుని చుట్టుపక్కల రైతులు వరి పండిస్తారు, మత్స్యకారులు అందులో చేపలు పడతారు, పశువులకు మేత అక్కడే దొరుకుతుంది. ఎవరి పేరిటా పట్టా లేకపోయినా ఇన్ని కుటుంబాల బతుకు దాని మీద ఆధారపడి ఉందని 2009 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ నాటికే వారు చెబుతూ వచ్చారు. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు వారి పక్షాన నిలిచారు. రాష్ట్రానికి కరెంటు కావాలి, స్థానికులకు ఉద్యోగాలు వస్తాయి, భూమి ప్రభుత్వానిదే అన్నది ప్రాజెక్టును సమర్థించినవారి వాదన. అథారిటీ ఆ స్థలాన్ని చిత్తడి నేలగా గుర్తించాక ఆ వాదనలో చివరి అంశం బరువు కోల్పోయింది. భూమి ప్రభుత్వానిదే కావచ్చు, కానీ అది ఖాళీ భూమి కాదు.

మరుసటి ఏడాది, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి థర్మల్ ప్రాజెక్టు దగ్గర కూడా పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అక్కడి తంపర భూములదీ, అంటే నీరు నిలిచే పల్లపు నేలలదీ, బీల కథే. దానికి తోడు ఆ ప్రాంతానికి దగ్గరలోని తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచుతాయి. అవి మేతకు వెళ్లేది ఈ చిత్తడి నేలలకే. చెట్టును కాపాడే ఊరు ఉన్నా, మేత దొరికే నేల పోతే పక్షి నిలవదు.

సోంపేటలో అనుమతి రద్దయినా భూకేటాయింపు ఉత్తర్వు రద్దు కావడానికి ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యం ఎందుకన్న దానికంటే, రద్దుతో ఏం వచ్చిందన్నది ముఖ్యం. కేటాయింపు రద్దయితే భూమి మళ్లీ ప్రభుత్వం చేతికి వస్తుంది, అంతే. రేపు మరో పరిశ్రమకు ఇవ్వకుండా అది అడ్డుపడదు. చట్టపరమైన రక్షణ కావాలంటే ఆ భూమిని 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల కింద నోటిఫై చేయాలి. అయితే వరి పొలాలు, సాగునీటి కోసం కట్టిన నిర్మాణాలు, ఉప్పు తయారీకి కట్టినవి ఆ నిబంధనల నిర్వచనంలోకి రావు. సాగూ చిత్తడీ కలిసిపోయి ఉండే బీల, తంపర వంటి చోట్ల ఎక్కడి వరకు పొలం, ఎక్కడి నుంచి చిత్తడి అని గీత గీయడం దగ్గరే తగవు మొదలవుతుంది. రైతు వరి పండిస్తున్నందుకే ఆ నేల రక్షణ పరిధి నుంచి తప్పిపోయే ప్రమాదం ఉండటం ఈ నిబంధనల్లోని పెద్ద లోపం.

అదే నిబంధనల ప్రకారం చిత్తడి నేలను నోటిఫై చేయడానికి తయారుచేసే పత్రంలో సరిహద్దుతో పాటు అక్కడివారికి ముందునుంచీ ఉన్న హక్కులు, వాడకాలు కూడా నమోదు కావాలి. భూమిని ఎవరికైనా కేటాయించక ముందే అలాంటి నమోదు జరగాలన్నదే సోంపేట నుంచి బూర్జ, సరుబుజ్జిలి వివాదానికి అందే పాఠం.