ఆ ఆరు వేలు ఎక్కడికి పోతాయంటే

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో పెద్దోడు అడిగాడు కదా, క్లాసులో డిబేట్ పెట్టారు, ఉచిత పథకాలు వద్దు అనే సైడ్ నాకొచ్చింది, నాలుగు పాయింట్లు చెప్పు అమ్మమ్మా అని. పింఛన్లూ అవీ ఇచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేస్తున్నారని మీ ఫ్రెండ్స్ కూడా అంటున్నారట. వినడానికి ఆ మాట బాగానే ఉంటుంది గానీ, పల్నాడు పల్లెల్లో అన్నేళ్ళు గవర్నమెంటు టీచరుగా చేసినదాన్ని, నేను చూసిన లెక్క వేరే ఉంది, అది ఫోన్‌లో చెప్తే సగంలో సిగ్నల్ పోతుంది, అందుకే రాస్తున్నా. ఉత్తరం కాస్త పెద్దదే, చిన్నదానికి అర్థం కాని చోట అన్నయ్య చెప్పాలి.

మా వీధి చివర ఒక ఇల్లుంది, పేర్లు చెప్పను. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లకి సెరిబ్రల్ పాల్సీ. అంటే కడుపులో ఉన్నప్పుడో పుట్టేటప్పుడో మెదడుకి దెబ్బ తగిలితే ఒంట్లో కండరాలు చెప్పిన మాట వినవు. పిల్లకి మన మాటలన్నీ తెలుస్తాయి, వాళ్ళ నాన్న బండి సౌండ్ వినపడితే గుమ్మం వైపు తల తిప్పి నవ్వుతుంది, కానీ కూర్చోలేదు, ముద్ద నమల్లేదు. వాళ్ళమ్మ అన్నంలో పప్పు, చారు పోసి చేత్తో మెత్తగా మెదిపి, పిల్లని ఒళ్ళో తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టుకుని కొంచెం కొంచెం నోట్లో పెడుతుంది, తొందరపడితే పొలమారుతుంది, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఆసుపత్రే. ఒక్క పూట తిండికి ముప్పావు గంట పడుతుంది. పొద్దునా రాత్రీ మూర్ఛ మందు తప్పకూడదు, పక్క మారుస్తూ ఉండాలి, లేకపోతే ఒరుసుకుని పుండ్లు పడతాయి. తొమ్మిదేళ్ళ పిల్లని రోజంతా ఎత్తడం దించడం, ఆ తల్లికి ముప్పై ఏళ్ళు కూడా లేవు, నడుం నొప్పితో వంగలేకపోతోంది.

పెళ్ళయి వచ్చిన కొత్తలో మిరప కోతల్లో ఆమె చేయి ఎంత చురుగ్గా ఆడేదో, మేస్త్రీ ముందు ఆమెనే పిలిచేవాడు. ఇప్పుడు సీజన్‌లో కూడా ఎక్కువ రోజులు ఇంట్లోనే. పిల్లకి వికలాంగుల పింఛను వచ్చిందని ఆమె పని మానలేదు, పిల్ల పుట్టిన మొదటి ఏడాదే మానాల్సొచ్చింది, వైకల్యం సర్టిఫికెట్ చేతికొచ్చి పింఛను మొదలయ్యేసరికి ఇంకో రెండు మూడేళ్ళు పట్టింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఆంధ్రాలో 2024 జూలై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగుల పింఛను నెలకి 3,000 నుంచి 6,000 అయింది, పక్షవాతమో ప్రమాదమో తీవ్రమైన కండరాల జబ్బో వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకి 5,000 ఉన్నది 15,000 చేశారు. తెలంగాణలో ఆసరా పింఛను వికలాంగులకి 2014లో 1,500తో మొదలై, 2019లో 3,016 అయి, 2023లో 4,016కి వచ్చింది. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకి 307. నెలకి ఇరవై రోజులు పని పోయిందనుకోండి, 6,140 రూపాయలు పోయినట్టు. అంటే ఆ ఆరు వేలు తల్లి పోగొట్టుకున్న కూలికి కూడా పూర్తిగా సరిపోలేదు, ఇంక మందులు, డైపర్లు, ఆటో ఖర్చులు దాని పైన. తెలంగాణలో అయితే 4,016 అంటే పదమూడు రోజుల కూలి. ఆ డబ్బుతో ఎవరూ మిద్దెలు కట్టట్లేదు నాన్నా, గుంటని కాస్త పూడుస్తున్నారు అంతే.

ఇంకొకటి చెప్తే మీరే ఆశ్చర్యపోతారు. కేంద్ర ప్రభుత్వానికి కూడా వికలాంగుల పింఛను ఒకటుంది, ఇందిరా గాంధీ పేరుతో 2009లో పెట్టారు, 2012 నుంచి దానికి కేంద్రం ఇచ్చేది నెలకి 300 రూపాయలు. నెలకి! ఒక్క రోజు ఉపాధి కూలి కన్నా ఏడు రూపాయలు తక్కువ, ఇన్నేళ్ళలో పెంచలేదు. అది కూడా 80 శాతం వైకల్యం ఉండి, పద్దెనిమిదేళ్ళు నిండి, దారిద్ర్య రేఖకి దిగువన ఉంటేనే. అంటే ఈ పిల్లకి పద్దెనిమిది వచ్చేదాకా ఢిల్లీ లెక్కలో ఆమె లేనట్టే. మన రాష్ట్రాలు వయసు చూడకుండా 40 శాతం ఉంటే ఇస్తున్నాయి కాబట్టి ఆ ఇల్లు నిలబడింది, అది మన వాళ్ళు చేసిన మంచి పని, పార్టీల సంగతి పక్కనపెట్టి ఒప్పుకోవాలి.

ఆ 40 శాతం అనేది పెద్ద కథ. సదరం క్యాంపు అని ఉంటుంది, దానికి మీసేవలోనో సచివాలయంలోనో స్లాట్ బుక్ చేసుకోవాలి, స్లాట్ దొరికిన రోజు పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పోవాలి, డాక్టర్లు చూసి పర్సంటేజీ వేస్తారు. కాలు లేకపోతే కొలవడం తేలిక, బుద్ధి మాంద్యం, వినికిడి, ఆటిజం లాంటివి ఒక్క పూటలో కొలవడం డాక్టర్లకీ కష్టమే. 38 అని రాస్తే సున్నా రూపాయలు, 40 అని రాస్తే ఆరు వేలు, మధ్యలో మెట్టు లేదు. పైగా పిల్లలకి చాలాసార్లు టెంపరరీ సర్టిఫికెట్ ఇస్తారు, పిల్ల ఎదిగేకొద్దీ పరిస్థితి మారొచ్చు కాబట్టి డాక్టర్ల వైపు నుంచి చూస్తే అది న్యాయమే, కానీ గడువు తీరితే మళ్ళీ స్లాటు, మళ్ళీ ఆటో, మళ్ళీ ఒక రోజు కూలి, ఈలోగా పింఛను ఆగితే అప్పు. ఆధార్ కూడా అంతే, అయిదేళ్ళ వయసులో ఒకసారి, పదిహేనేళ్ళ వయసులో ఒకసారి వేలిముద్రలు కళ్ళు అప్‌డేట్ చేయించాలి కదా, వేళ్ళు బిగుసుకుపోయి గుప్పిట తెరుచుకోని పిల్ల చేతిని ఆ మెషీన్ మీద పెట్టించడానికి వాళ్ళ నాన్న పడ్డ అవస్థ నేను పక్కనే ఉండి చూశాను.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి కదా అంటారు మీ ఫ్రెండ్స్. ఉన్నాయి, నిజమే, డబ్బులు తీసుకుని పర్సంటేజీ వేయించుకున్న వాళ్ళు పట్టుబడ్డారు కూడా, అలాంటి వాళ్ళని ఏరేయాల్సిందే. కానీ 2025లో ఆంధ్రాలో మళ్ళీ వెరిఫికేషన్ చేసి నోటీసులు ఇచ్చినప్పుడు నిజంగా నడవలేని వాళ్ళకీ కొందరికి వచ్చాయి, జనం రోడ్డెక్కారు, తర్వాత అప్పీలు చేసుకున్న వాళ్ళకి పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. ఒక దొంగకి పింఛను అందితే నష్టం ఆరు వేలు, ఒక నిజమైన పిల్లకి ఆగితే మూర్ఛ మందు ఆగుతుంది. రెండు తప్పులూ ఒకే బరువు కాదు, ఏరేవాళ్ళు ఏ వైపు తప్పు జరగకుండా ఎక్కువ జాగ్రత్త పడాలో మీరే ఆలోచించండి.

అసలు నేను మీకు చెప్పాలనుకున్నది ఆ పిల్ల అక్క గురించి. ఏడో క్లాసు చదువుతోంది. మిరప కోతలు జోరుగా ఉన్నప్పుడు కూలి రేటు బాగుంటుంది, అప్పు తీర్చాలి, అప్పుడు తల్లి పనికి పోయి చెల్లి దగ్గర అక్కని కూర్చోబెడుతుంది. నేను టీచరుగా ఉన్నప్పుడు ఇలాంటి ఇళ్ళ పిల్లల పేర్లు హాజరు పట్టీలో చూస్తే జూన్ నుంచి డిసెంబరు దాకా బాగానే ఉండేవి, జనవరి నుంచి మార్చి దాకా గడులన్నీ ఆబ్సెంటులే. పరీక్షల ముందు మూడు నెలలు పాఠాలు పోతే ఎంత తెలివైన పిల్లైనా ఏం చేస్తుంది, తొమ్మిదికి వచ్చేసరికి లెక్కలు అందవు, పదిలో తప్పుతుంది, పెళ్ళి చేసేస్తారు. వైకల్యం చెల్లిది, చదువు పోయింది అక్కది. పేదరికం పెద్దవాళ్ళ దగ్గర నుంచి పిల్లల దగ్గరికి నడిచే దారి ఇదే, సర్వేల్లో ఆ అక్కని ఎవరూ వికలాంగుల ఖాతాలో రాయరు, బడి మానేసిన వాళ్ళ ఖాతాలో వేరేగా రాస్తారు.

ఇక్కడే పథకం రూలు ఎలా రాశారనేది ముఖ్యం. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి తల్లికి ఏడాదికి ఒక్కసారే ఇచ్చేవాళ్ళు, ఎంతమంది పిల్లలున్నా పదిహేను వేలే, పైగా 75 శాతం హాజరు ఉండాలన్నారు. సెలవులు పోను అంతా బడికొచ్చే పిల్లలకి ఆ రూలు మంచిదే, చెల్లిని కాపలా కాసే అక్కకి మాత్రం అది శిక్ష. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చాక ఎంతమంది చదువుతుంటే అంతమందికీ, బడి ఖర్చులకి రెండు వేలు పట్టుకుని ఒక్కొక్కరికి పదమూడు వేలు తల్లి ఖాతాలో వేస్తున్నారు. పిల్లల లెక్కన ఇవ్వడమే సరైనదని నా అభిప్రాయం, ఆకలి కుటుంబానికి ఒకటే ఉండదు కదా, ఎన్ని నోళ్ళుంటే అన్ని.

మీ మామయ్య వాళ్ళుండే ఇంగ్లండులోనూ ఇదే గొడవ నడిచింది తెలుసా. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకి, ఆ తర్వాతి వాళ్ళకి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళకి ప్రభుత్వం అదనంగా ఇచ్చే పిల్లల డబ్బు ఆపేశారు, బిడ్డకి ఏడాదికి మూడు వేల పౌండ్ల పైనే పోయేది. ఇలా చేస్తే పేదవాళ్ళు తక్కువ మందిని కంటారని అనుకున్నారు, కనడం పెద్దగా తగ్గలేదు, పిల్లల పేదరికం మాత్రం పెరిగింది, చివరికి 2025 నవంబరు బడ్జెట్‌లో ఆ రూలు 2026 ఏప్రిల్ నుంచి తీసేస్తున్నామని చెప్పారు. మామయ్య వాళ్ళు వీసా మీద ఉన్నారు కాబట్టి ఆ డబ్బులు ఎలాగూ రావు, అది వేరే సంగతి. ఆ దేశంలో ఒకటి మాత్రం నాకు నచ్చింది, వికలాంగుల్ని వారానికి 35 గంటలైనా చూసుకునే మనిషికి ఆ మనిషి పేరు మీదే అలవెన్సు ఇస్తారు, షరతులు చాలానే ఉన్నాయనుకోండి, అయినా ఆ మనిషి చేసేదాన్ని పని అని ఒప్పుకున్నారు.

మన చట్టంలో లేదా అంటే, ఉంది! 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చదవండి, పెద్దోడికి ఇంగ్లీషు వచ్చు కదా, నెట్‌లో దొరుకుతుంది. మామూలు వాళ్ళకి ఇచ్చే పథకాల కన్నా వికలాంగులకి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని అందులో రాశారు, ఎక్కువ సాయం అవసరమైన వాళ్ళని చూసుకునే వాళ్ళకోసం అలవెన్సు అని కూడా రాశారు. కేరళలో ఆశ్వాసకిరణం అని నెలకి 600 ఇస్తారు, చిన్న మొత్తమే, కానీ చూసుకునే మనిషికి. మా ఊళ్ళో అయితే తల్లి పేరు మీద అలాంటిది ఎవరికీ రాగా నేను చూడలేదు.

మొన్న సాయంత్రం ఆ పిల్ల తల్లినే అడిగా, ఏముంటే నీకు బాగుంటుందమ్మా అని. పింఛను పెంచమంటుందేమో అనుకున్నా. "రోజుకి నాలుగు గంటలు పిల్లని నమ్మకంగా చూసేవాళ్ళుంటే చాలు టీచరమ్మా, కోతకి నేను పోతా, పెద్దది బడికి పోద్ది" అంది.

మండలానికి వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటరు ఉంది, ఫిజియోథెరపీ చేస్తారు, అక్కడి టీచరు మంచి పిల్ల, ఇంటికొచ్చి కూడా నేర్పిస్తుంది, కానీ రోజంతా ఉంచుకునే చోటు కాదది. అలాంటి డే కేర్ సెంటర్లు పట్నాల్లో తప్ప మా వైపు లేవు. నా పింఛను నాకుంది కాబట్టి నేనూ, ఇంకో రిటైరైన టీచరూ కలిసి ఈ కోతల సీజన్‌లో మధ్యాహ్నాలు ఆ ఇంట్లో కూర్చుందామని అనుకున్నాం, ముద్ద ఎలా పెట్టాలో ఆమె నాకు నేర్పిస్తోంది. పై నెల పిల్ల సదరం గడువు అయిపోతుంది, స్లాట్ దొరికితే నేనూ వాళ్ళతో వెళ్తా, ఆ రోజు ఫోన్ ఎత్తకపోతే కంగారు పడకండి.

మీ అమ్మమ్మ