ఉద్యోగి నిర్లక్ష్యానికి సర్కారు ఎందుకు బాధ్యత వహించాలి? 1861 నుంచి నడుస్తున్న వాదన

1977 మే 5 అర్ధరాత్రి దాటాక కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలులో ఓ గదిలోకి దుండగులు బాంబులు విసిరారు. లోపల రిమాండులో ఉన్న తండ్రి చనిపోయాడు. కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డాడు (తర్వాతి కాలంలో ఎమ్మెల్యే అయ్యాడు). తమకు ప్రాణభయం ఉందని ముందే చెప్పినా పోలీసులు సరైన కాపలా పెట్టలేదంటూ కుటుంబం 10 లక్షల పరిహారానికి దావా వేసింది. ‘జైలు నడపడం మా సార్వభౌమ విధి (రాజ్యం మాత్రమే చేయగల పని), అందులో పొరపాటు జరిగినా డబ్బు అడిగే హక్కు మీకు లేదు’ అని ప్రభుత్వం వాదించింది.

ఈ వాదన బ్రిటిష్ పాలన నాటిది. కలకత్తా కిడర్‌పూర్ డాక్‌యార్డులో ప్రభుత్వ కూలీలు బరువైన ఇనుప సామాను మోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు. ఎదురుగా గుర్రబ్బండి వచ్చింది. కంగారులో సామాను కింద పడేశారు. ఆ చప్పుడుకు గుర్రాలు బెదిరి, ఒకటి గాయపడింది. బండి ఓ స్టీమర్ కంపెనీది. నష్టం 350 రూపాయలు. డాక్‌యార్డు పని ఎవరైనా చేయగలిగేదే కాబట్టి సర్కారు చెల్లించాల్సిందేనని 1861లో కోర్టు తేల్చింది. అంటే గెలిచింది బాధితులే. కానీ సార్వభౌమాధికారంతో చేసే పనులకు ఇది వర్తించదని కూడా అదే తీర్పులో ఉంది. ఆ తర్వాత ప్రభుత్వాలన్నీ ఆ ఒక్క మాటనే పట్టుకున్నాయి.

రాజ్యాంగం 300వ అధికరణం కూడా, ప్రభుత్వంపై వేసే దావాల విషయంలో చట్టసభలు కొత్త చట్టం చేసేదాకా పాత పద్ధతే సాగుతుందని వదిలేసింది. దాంతో కోర్టుల్లో ఒక్కో కేసు ఒక్కో దారి పట్టింది. ఉదయ్‌పూర్ కలెక్టర్ జీపు గుద్ది ఒకరు చనిపోతే 15,000 ఇవ్వాలని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లకే, మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పాకిస్థాన్‌కు పారిపోతే, సర్కారుకు బాధ్యత లేదంది! సొత్తు పోగొట్టుకున్న వ్యాపారికి ఇది ఏ రకంగా న్యాయమో నాకు అర్థం కాదు.

ప్రభుత్వ బాధ్యతపై చట్టం చేయమని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 1956లోనే చెప్పింది. 1960ల్లో బిల్లు వచ్చింది, మురిగిపోయింది. ఇప్పటికీ సమగ్ర చట్టం లేదు.

దారి మార్చింది జీవించే హక్కు. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు బిహార్ జైల్లో మగ్గిన మనిషికి 1983లో సుప్రీంకోర్టు 35,000 ఇప్పించింది. పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న ఒడిశా తల్లికి 1993లో లక్షన్నర ఇప్పించింది. ఆ కేసు మొదలైంది ఆమె కోర్టుకు రాసిన ఉత్తరంతోనే. ప్రాథమిక హక్కును కాలరాసినప్పుడు సార్వభౌమత్వం సాకు చెల్లదని అక్కడే స్పష్టమైంది.

కోవెలకుంట్ల కేసులో కింది కోర్టు పోలీసుల నిర్లక్ష్యం నిజమేనంటూనే, గడువు దాటిందని దావా కొట్టేసింది. హైకోర్టు ఒప్పుకోలేదు, 1,44,000 రూపాయలు ఇవ్వమంది. ఆ మాత్రం సొమ్ముకు కూడా ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2000లో ఓడింది. అప్పటికి ఘటన జరిగి 23 ఏళ్లు.

ఆర్టీసీ బస్సు గుద్దితే బాధితులు వెళ్లడానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంది. లాఠీ దెబ్బకు చెయ్యి విరిగినవాడికి అలాంటిదేమీ లేదు. హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణకు వేసే పిటిషన్) వేయాలి. వాస్తవాలపై వివాదం ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లమంటారు. అక్కడ ముందు రెండు నెలల నోటీసు, ఆపైన కోర్టు ఫీజు, సాక్ష్యాలు, వాయిదాలు.