మిర్చి యార్డులో మల్లెపూల వాసన

గుంటూరు మిర్చి యార్డులో నిలబడి మల్లెపూల వాసన పట్టగలరా? మిరప ఘాటు వేరు, మల్లె వాసన వేరు, కానీ తుమ్ములతో ముక్కు మొరాయించాక బుట్టెడు మల్లెలు పక్కన పెట్టినా తెలీదు. సెల్ టవర్ పక్కన జీపీఎస్‌ రిసీవర్‌ పరిస్థితి ఇంచుమించు ఇదే.

తెలిసిన సర్వేయర్ ఒకాయన తెనాలి రోడ్డులో స్థలం కొలుస్తుంటే చూశాను. పక్క డాబా మీద టవర్. రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో లెక్క చెప్పే రోవర్ (చేత్తో తిప్పే జీపీఎస్‌ రిసీవర్‌) ఆ మూల రాయి దగ్గరికి వెళ్లేసరికి ఫిక్స్, అంటే ఆ కచ్చితమైన లెక్క, పోయి ఫ్లోట్‌లో, అంటే ఉజ్జాయింపు లెక్కలో, పడింది. "ఈ మూల ఎప్పుడూ ఇంతేనండీ" అన్నాడు. గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నళ్లకూ ఇలాంటి చోట్ల ఇందులో వాటా ఉంటుంది, అయితే టవర్ సంగతి వేరే.

జీపీఎస్‌ ఉపగ్రహం ఉండేది 20,200 కిలోమీటర్ల ఎత్తున. దాని ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర మనకు అందేది వాట్‌లో కోటి కోటి వంతు, అందులోనూ నూరో వంతు, అంటే రిసీవర్‌లోని సొంత రొద కన్నా తక్కువ. టవరేమో పదుల వాట్లు గుమ్మరిస్తుంది. అది తన బ్యాండులోనే (తనకిచ్చిన ఫ్రీక్వెన్సీల్లోనే) ఉన్నా సరే, ఆ జోరుకి రిసీవర్ మొదటి ఆంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరైపోతుంది. అందుకే ఫిల్టర్ దాని ముందే ఉండాలి, తుమ్ములు మొదలయ్యాక ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఏం లాభం? పోనీ ముందే పెడదామంటే అది అసలు సిగ్నల్‌నీ కాస్త తినేస్తుంది. పైగా సర్వే రిసీవర్లు కచ్చితత్వం కోసం వెడల్పాటి బ్యాండు వింటాయి, కొన్నయితే 1525-1559 మెగాహెర్ట్జ్ మధ్య ఉపగ్రహాలు పంపే సవరణలూ (జీపీఎస్‌ లెక్కలో తప్పులు సరిదిద్దే సమాచారం) అందుకుంటాయి.

సరిగ్గా ఆ బ్యాండులోనే అమెరికాలో లైట్‌స్క్వేర్డ్ కంపెనీ టవర్లు పెడతానంది. 2011 పరీక్షల్లో జీపీఎస్‌లు తడబడ్డాయి, 2012లో అనుమతి ఆగింది. పేరు మార్చుకున్న అదే కంపెనీకి 2020లో జీపీఎస్‌ వైపు 23 మెగాహెర్ట్జ్ ఖాళీ వదలాలని, పవర్ పది వాట్లు దాటకూడదని షరతులు పెట్టి ఒప్పుకున్నారు.

తప్పెప్పుడూ రిసీవర్‌దే అనను. మన 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో టవర్లు పంపేది 758 నుంచి 803 దాకా. టవర్ అసలు సిగ్నల్‌తో పాటు దాని రెట్టింపు ఫ్రీక్వెన్సీ కూడా కాస్త పుడుతుంది, దాన్నే రెండో హార్మోనిక్ అంటారు. 787.71ని రెట్టింపు చేయండి, సరిగ్గా 1575.42! ఆ రెండో హార్మోనిక్ బయటికి రాకుండా టవర్‌లోనే ఫిల్టర్ వేసి ఆపాలి, రిసీవర్ ఫిల్టర్‌కి అది మల్లెవాసనలాగే కనిపిస్తుంది.

దూరం రెట్టింపైతే టవర్ జోరు నాలుగో వంతుకు పడిపోతుంది. మా సర్వేయర్ యాభై అడుగులు వెనక్కి జరిగి, ఫిక్స్ రాగానే రెండు పాయింట్లు తీసుకుని, అక్కణ్ణుంచి రాయిదాకా టేపుతో కొలిచాడు. తమాషా ఏంటంటే, ఫిక్స్ ఇచ్చే సవరణలు ఆ రోవర్‌కి వచ్చేది సిమ్ కార్డు మీద, సెల్ టవర్ నుంచే.