వేసవి సెలవుల్లో చేసి నేర్చుకునే సైన్సు, లెక్కలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రయోగం చేసి చూపిస్తే విషయం అర్థమైనట్టే.

వాస్తవం: వేసవి శిబిరాలు నడిపే మాలాంటివారు ఎక్కువగా జాగ్రత్త పడవలసింది ఇక్కడే. నీళ్లు పోసిన పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి గాజు గ్లాసు బోర్లిస్తే, మంట ఆరిపోయి నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. గాలిలో అయిదో వంతు ఉన్న ఆక్సిజన్ ఖర్చయిపోయి, ఆ ఖాళీలోకి నీరు వచ్చిందని చెప్పి ముగించడం చాలామందికి అలవాటు. నిజానికి ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. వేడికి వ్యాకోచించిన గాలిలో కొంత అప్పటికే బయటికి పోయి ఉంటుంది. అంచు దగ్గర బుడగలు రావడం ఒక్కోసారి కంటికి కనిపిస్తుంది కూడా. మిగిలిన గాలి చల్లబడి లోపలి పీడనం తగ్గినప్పుడు, బయటి గాలి నీటిని లోపలికి నెడుతుంది. ఈ వివరణను మనం అప్పజెప్పే బదులు, పెద్దవారి సమక్షంలో అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టించాలి. గ్లాసులోని ఆక్సిజన్ మారలేదు, కానీ నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. అప్పుడు ఎందుకని అడిగి, పిల్లలు వాదించుకునేంత సమయం ఇవ్వడమే అసలు పాఠమని నా అభిప్రాయం.

అపోహ: ల్యాబ్ గానీ, ఖరీదైన కిట్ గానీ లేనిదే ఇవి కుదరవు.

వాస్తవం: దారానికి కట్టిన రాయి, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ ఉంటే లోలకం సిద్ధం. మీటరు పొడవున్నప్పుడు ఇరవై డోలనాలకు (అటూ ఇటూ ఊగి మళ్లీ మొదటి చోటికి రావడం ఒక డోలనం) దాదాపు 40 సెకన్లు పడుతుంది. 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే 20 సెకన్లే. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పి, 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి.

అపోహ: లెక్కలు కాగితం మీద చేయవలసినవే.

వాస్తవం: ఇంట్లోని మూతలు, పళ్లేలు, గాజుల చుట్టుకొలతను దారంతో కొలిచి వ్యాసంతో భాగించమంటే, ఒకరికి 3.1, మరొకరికి 3.2 వస్తాయి. గాజుకు బయట దారం చుట్టి, వ్యాసం మాత్రం లోపల కొలిచినవారికి 3.4 కూడా రావచ్చు. పుస్తకంలోని పై (π) విలువ 3.14 రాలేదని కొట్టివేయకుండా తేడా ఎక్కడ వచ్చిందో వెతికించాలి. దారాన్ని పదిసార్లు చుట్టి, వచ్చిన పొడవును పదితో భాగిస్తే పొరపాటు తగ్గుతుందని కొందరు తామే కనిపెడతారు.

అపోహ: ఇవన్నీ బడిలో చేయించేవే, సెలవుల్లో ఎందుకు?

వాస్తవం: వారాల తరబడి సాగే పరిశీలన ఒక పీరియడ్‌లో ఇమడదు. సూర్యుడు రోజూ మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడని పెద్దలు కూడా నమ్ముతారు గానీ, హైదరాబాదులో అలా జరిగేది ఏడాదికి రెండుసార్లే: మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఇంకా దక్షిణాన ఉన్న తిరుపతిలో మొదటిది ఏప్రిల్ ఆఖరులోనే వస్తుంది. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీలో ఎన్నటికీ రాదు. ఆగస్టులో మబ్బులు అడ్డుపడతాయి కనుక, బడులు మూసి ఉండే మే నెలే దీనికి అనువైనది. కొసకు బరువు కట్టి వేలాడదీసిన దారంతో సరిచూసి నిటారుగా పాతిన కర్ర నీడను సెలవులు మొదలైన నాటి నుంచి రోజూ మధ్యాహ్నం 12:12 ప్రాంతంలో (హైదరాబాదులో సూర్యుడు అన్నిటికంటే ఎత్తున ఉండే వేళ) గుర్తించాలి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, కొలత అంతా నేల మీదే. హైదరాబాదులో ఉత్తరం వైపు పడే నీడ రోజురోజుకూ కురచబడి, మే 9 నాటికి కర్ర మొదట్లోనే అణిగిపోయి, ఆ తరువాత దక్షిణం వైపు పెరగడం మొదలవుతుంది.