పిన్ని దగ్గరికి ఎందుకు పోనివ్వలేదంటే

గుంటూరు, బ్రాడీపేట

చిన్నీ, బుజ్జీ,

మొన్న కొత్తపేట ఆసుపత్రిలో పిన్ని గదిలోకి మిమ్మల్ని రానివ్వలేదని అలిగారు కదా. ఆ రోజు నాకూ టెన్షన్‌గా ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను.

ముప్పై ఏళ్లు ల్యాబులో పనిచేశానని మీకు తెలుసు. రోగి కఫమో, మూత్రమో వస్తే అందులోని బాక్టీరియాను పెంచి, గుండ్రటి ప్లేటు మీద పల్చగా పూసి, పైన యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెట్టేవాళ్లం. పొద్దునకల్లా ప్లేటంతా బాక్టీరియా పొరలా పరుచుకునేది. మందు పనిచేస్తే మాత్రం దాని బిళ్ల చుట్టూ శుభ్రంగా ఖాళీ గుండ్రం ఉండేది. ఒకసారి ఐసీయూ నుంచి వచ్చిన శాంపిల్‌లో ఒక్క బిళ్ల చుట్టూ కూడా ఖాళీ లేదు. డాక్టరుగారు స్వయంగా వచ్చి, ప్లేటును వెలుతురుకు పెట్టి చూసి, "ఇంకే మందైనా పెట్టి చూడండి" అన్నారు. అప్పటికే మా దగ్గరున్నవన్నీ పెట్టేశాం.

అది క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా. మన పేగుల్లోనూ ఉంటుంది, మామూలుగా మనల్ని ఏమీ చేయదు. పిన్నిలా కీమో వల్ల, రోగాలతో పోరాడే తెల్లకణాలు తగ్గినవాళ్లు, వెంటిలేటర్ మీదున్నవాళ్లు, నెలలు నిండని పాపలు దొరికితే మాత్రం విజృంభిస్తుంది. అసినెటోబాక్టర్ అని ఇంకొకటుంది. పొడిగా ఉన్న మంచం కమ్మీ మీద కూడా రోజుల తరబడి బతుకుతుంది. ఇలాంటివి మన చేతులతో పిన్ని దాకా పోకూడదనే ఆ రోజు మిమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

మందుకు అలవాటు పడేది మన ఒళ్లు కాదు, బాక్టీరియా. మందును ఎలా విరగ్గొట్టాలో వాటి జన్యువుల్లో రాసి ఉంటుంది. అలాంటి జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం మీద ఉంటాయి. పక్కింటివాళ్లకు గోంగూర పచ్చడి కొలతలు రాసిచ్చినట్టు, బాక్టీరియా ఆ ఉంగరానికి నకలు తీసి పక్కదానికి ఇస్తుంది, అది వేరే జాతిదైనా సరే! 2009లో బయటపెట్టిన ఎన్‌డీఎం-1 అలాంటి జన్యువే. మెరోపెనెం లాంటి పెద్ద మందులనే పనికిరాకుండా చేస్తుంది. మనం యాంటీబయాటిక్ మింగినప్పుడల్లా లొంగే బాక్టీరియా చచ్చి, ఈ జన్యువున్నవాటికి చోటు దొరుకుతుంది. అందుకే వైరస్ వల్ల వచ్చే జలుబుకు షాపులో అడిగి అజిత్రోమైసిన్ కొనుక్కుంటే నాకు అంత కోపం. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉన్నది డాక్టరు రాస్తేనే వాడాలి.

పిన్నికి తెల్లకణాలు పెరిగాయట, ఆదివారం ఇంటికి పంపుతున్నారు. తప్పకుండా రండి. వసారాలో కుళాయి దగ్గర కొత్త సబ్బు పెట్టాను, ముందు అక్కడికి వెళ్లండి. ముక్కు కారుతుంటే మాత్రం వీడియో కాల్ చేయండి, పిన్ని ఎదురుచూస్తుంటుంది.

తాతయ్య