సైకాలజీ డిగ్రీ: ల్యాబ్‌కీ ఆసుపత్రికీ మధ్య తెగిన దారి

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే హైదరాబాద్‌లో సైకాలజీ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుంది? జవాబుగా రంగురంగుల పోస్టర్లు వచ్చి పడతాయి. రెండు వారాలు, ఆన్‌లైన్, సర్టిఫికెట్ గ్యారంటీ, అడుగున ఫీజు. స్టైపెండ్ మాట దేవుడెరుగు, పని నేర్పించమని విద్యార్థే ఎదురు డబ్బు కట్టాలి. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మన దేశంలో ఈ సబ్జెక్టు కాలేజీల్లోకి వచ్చిన తీరే అలాంటిది.

1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ పెట్టిన ప్రయోగశాలతో ఆధునిక మనస్తత్వశాస్త్రం మొదలైందని చెబుతారు. మన దగ్గర 1916లో కలకత్తా విశ్వవిద్యాలయం మొదటి శాఖను తెరిచింది. దాని బాధ్యత తీసుకున్న ఎన్.ఎన్. సేన్‌గుప్తా హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బెర్గ్ దగ్గర చదివి వచ్చినవారు. తర్వాత 1924లో మైసూరు. ఆ రోజుల్లో సైకాలజీ కూడా సైన్సేనని నిరూపించుకోవాల్సిన అవసరం ఉండేది కాబట్టి, ఫిజిక్స్‌కున్నట్టు దీనికీ ల్యాబు, పరికరాలు, రికార్డు పుస్తకం వచ్చాయి. అవే ఇప్పటికీ నడుస్తున్నాయి.

మిర్రర్ డ్రాయింగ్ ప్రాక్టికలే చూడండి. చెక్క పలక మీద జంట గీతల నక్షత్రం బొమ్మ, దాని ఎదురుగా నిలబెట్టిన అద్దం, చెయ్యి నేరుగా కనబడకుండా ఒక అడ్డు. అద్దంలోకి చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. పైకి పోవాలనుకుంటే చెయ్యి కిందికి పోతుంది. ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్నిసార్లు గీత తాకింది అని లెక్కేసి గ్రాఫ్ గీస్తారు. మంచి ప్రయోగమే, కాదనను. కాకపోతే ఇందులో ‘సబ్జెక్ట్’గా కూర్చునేది దాదాపు ఎప్పుడూ పక్క బెంచీ స్నేహితురాలే. తర్వాతి ప్రాక్టికల్‌కి పాత్రలు తారుమారవుతాయి. మూడేళ్లూ ఒకరి మనసు ఒకరు కొలుచుకుని పట్టా పుచ్చుకుంటారు.

చదువునూ పనినీ కలిపే ఆలోచన వేరే దారిలో వచ్చింది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం 1906లోనే ఇంజినీరింగ్ విద్యార్థులను కొన్నాళ్లు తరగతికి, కొన్నాళ్లు పనికి పంపే పద్ధతి పెట్టింది. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు సైకాలజీ డిగ్రీలో కూడా రెండో ఏడాదికీ చివరి ఏడాదికీ నడుమ ఒక ఏడాది పనికి పంపుతాయి. అక్కడ చేసిన పనిని తరగతిలో చదివినదానితో ముడిపెట్టి రాయించడమే ఆ పద్ధతికి ప్రాణం.

మనం మాత్రం ఆసుపత్రి దారి పట్టాం. 1954లో బెంగళూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఏర్పడింది, మరుసటి ఏడాదే క్లినికల్ సైకాలజీ (మానసిక సమస్యలున్న రోగులను పరీక్షించి సాయపడే శాఖ) కోర్సు పెట్టింది. ఇప్పటి నిమ్హాన్స్ మూలం అదే. రోగిని చూడాలంటే ముందు పీజీ, ఆపైన రెండేళ్ల శిక్షణ అనే లెక్క అక్కడ కుదిరింది. వైకల్యాల పునరావాస కోర్సులనూ నిపుణులనూ నియంత్రించే రిహాబిలిటేషన్ కౌన్సిల్ తాలూకు 1992 నాటి చట్టం, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ లెక్కను బిగించాయి. 2017 చట్టం 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కు కూడా ఇచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్లను కౌన్సెలింగ్ గదిలో మూల కుర్చీలో కూర్చోబెట్టి ‘అనుభవం’ అనడం కుదరదు, కుదరకూడదు కూడా. అయితే ఆ గదిలో కాకుంటే ఇంకెక్కడ నేర్చుకోవాలో ఏ చట్టమూ చెప్పలేదు.

అందుకే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉన్న ఊళ్లో, 1984 నుంచి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ నడుస్తున్న ఊళ్లో చదువుతున్నా, చాలామంది డిగ్రీ పిల్లలకు దక్కేది ఒక పూట విజిట్. కాలేజీ బస్సు, గ్రూప్ ఫొటో, నాలుగు పేజీల రిపోర్టు.

సొంతంగా వెతుక్కునేవాళ్లు స్పెషల్ స్కూళ్లకు, కొండాపూర్, గచ్చిబౌలి థెరపీ సెంటర్లకు, హైటెక్ సిటీ హెచ్‌ఆర్ విభాగాలకు వెళ్తారు. కొందరు బడుల్లో షాడో టీచర్లుగా చేరతారు. అంటే తరగతిలో ఒకే పిల్లవాడి పక్కన ఉండి చూసుకోవాలి. బెల్ మోగగానే వాడు చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరాడనుకుందాం. దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత ఎవరు ఏం చేశారు? ఈ మూడూ వారం పాటు రాసిపెట్టుకుని, శుక్రవారం ఒక సీనియర్‌తో కూర్చుని చర్చిస్తే ‘లెర్నింగ్’ చాప్టర్ సగం కళ్లముందు కనబడుతుంది. అడిగేవాళ్లు లేకపోతే అది ఆయా పనే. హైదరాబాద్‌లో పనిచోట్లకు కరువు లేదు. పక్కన కూర్చుని ‘ఇలా ఎందుకు చేశావమ్మా’ అని అడిగే మనిషికే కరువు.

డిగ్రీ పూర్తికి లెక్కగట్టే క్రెడిట్లు ఇంటర్న్‌షిప్‌కూ వచ్చాక ఆ కరువు ముదిరింది. ఆంధ్రప్రదేశ్ 2020–21 నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. 2022 నాటి యూజీసీ క్రెడిట్ల విధానం డిగ్రీ ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్లు కేటాయించింది. క్రెడిట్‌కు 30 గంటల చొప్పున 60 నుంచి 120 గంటలు. గంటలు కాగితం మీద పడ్డాయి, వాటిని పర్యవేక్షించే మనుషులు మాత్రం పెరగలేదు. ఫీజుల పోస్టర్లకు గిరాకీ అక్కడే పుట్టింది.

ఇప్పుడు పై మెట్లూ కదులుతున్నాయి. పీజీ తర్వాతి రెండేళ్ల శిక్షణైన క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ ప్రవేశాలకు యూజీసీ 2025–26 వరకే గడువు పెంచింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కోర్సు తయారుచేసింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి సైకాలజిస్టులూ వచ్చారు. ఆ చట్టం పరిధిలోకి వచ్చే సబ్జెక్టులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని 2025లో యూజీసీ ఆదేశించింది, అందులో సైకాలజీ ఉంది. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎంఏ కట్టేవాళ్లకు ఇది గట్టి దెబ్బే.

అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో తీర్పు ఇస్తూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ లెక్కన సైకాలజీ విభాగమున్న ప్రతి డిగ్రీ కాలేజీ ప్రాంగణంలోనే ఒక అర్హత గల మనిషి ఉండాలి. కౌన్సెలింగ్ గది తలుపు మూసే ఉంచి, కొత్తగా చేరిన పిల్లల ఓరియెంటేషన్, పరీక్షల టెన్షన్ మీద సర్వే, అవగాహన తరగతుల లాంటివి నలుగురైదుగురు విద్యార్థులకు అప్పగించి, వారానికో గంట వాళ్ల నోట్సు చూస్తే 60 గంటలు ఊరు దాటకుండానే పూర్తవుతాయి. ఆ గంటను కౌన్సెలర్ పనివేళల్లో, జీతంలో లెక్కగట్టడానికి యాజమాన్యాలు ఒప్పుకోవాలి.