పిల్లి జుట్టు రాలడం: క్లినిక్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"డాక్టర్ గారూ, జుట్టు రాలకుండా ఏదైనా మందు రాయండి." పిల్లిని తెచ్చేవాళ్లలో చాలామంది మొదటి మాట ఇదే. సోఫా నిండా వెంట్రుకలు, ఇస్త్రీ చేసిన బట్టల మీద వెంట్రుకలు, అన్నం కంచంలో ఒక్కటి కనపడితే ఇంట్లో గొడవ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అలాంటి మందు లేదు, ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి. రాలడాన్ని ఆపలేం. రాలే జుట్టు ఇల్లంతా పరుచుకోకముందే దువ్వెనలోకి తీసేయగలం, జబ్బు వల్ల రాలుతుంటే ఆ జబ్బును పట్టుకోగలం. మామూలుగా రాలడానికీ, జబ్బు వల్ల రాలడానికీ తేడా తెలియక కొందరు నిక్షేపంలా ఉన్న పిల్లికి మందులు పోస్తున్నారు, ఇంకొందరేమో నిజంగా బాధపడుతున్న పిల్లిని "పొడుగు జుట్టు పర్షియన్ జాతి కదా, రాలుతుందిలే" అని నెలల తరబడి అలాగే వదిలేస్తున్నారు. కేవలం జుట్టు కారణంగా పిల్లిని తీసుకెళ్లి ఏ మార్కెట్ దగ్గరో వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఇంత రాలుతోందంటే ఏదో జబ్బే.

కాకపోవచ్చు. ప్రతి వెంట్రుకా కొన్నాళ్లు పెరిగి, ఆగి, కొత్తది వచ్చే వేళకి ఊడిపోతుంది. ఏ నెలలో ఎంత ఊడాలన్నది చాలావరకు పగటి వెలుతురు ఎంతసేపు ఉందన్న దాన్ని బట్టి నడుస్తుంది. బయట తిరిగే పిల్లులకు అందుకే కొన్ని నెలలు ఎక్కువ, కొన్ని నెలలు తక్కువ. అపార్ట్‌మెంట్‌లో రాత్రి 11 దాకా లైట్ల కింద ఉండే పిల్లికి ఆ లెక్క చెదిరిపోయి, ఏడాది పొడవునా రాలుతూనే ఉంటుంది. పర్షియన్లకి పైకి కనపడే పొడుగు వెంట్రుకల కింద దూదిలా మెత్తగా ఉండే పొర ఇంకొకటి దట్టంగా ఉంటుంది. ఫ్యాన్ వేయగానే గదిలో ఎగిరేది ఎక్కువగా అదే.

ఎంత రాలిందన్నది కాదు, ఒంటి మీద ఏం మిగిలిందన్నది నేను చూస్తాను. మీరూ ఇంట్లోనే చూడొచ్చు. వెలుతురు బాగా ఉన్న చోట పిల్లిని ఒళ్లో పెట్టుకుని తోక మొదట్లో, నడుము మీద, మెడ చుట్టూ, పొట్ట కింద, వెనక తొడల లోపలి వైపు జుట్టును వేళ్లతో పాయలు తీసి చర్మం చూడండి. చర్మం శుభ్రంగా ఉండి, జుట్టు అంతటా సమంగా ఉంటే చేతికి గుప్పెడు వచ్చినా భయపడక్కర్లేదు. పొట్టు, పక్కులు, ఎర్రదనం, మచ్చలు మచ్చలుగా ఊడిపోవడం కనపడితే మాత్రం తీసుకురండి. తోక మొదట్లో మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు కనపడితే వాటిని తడిపిన తెల్ల టిష్యూ మీద వేసి రుద్దండి. ఎర్రటి గోధుమ రంగు మరక పాకిందా, అది మట్టి కాదు, ఫ్లీస్ అనే పురుగులు పిల్లి రక్తం తాగి వదిలిన మలం. పురుగు కంటికి కనపడాల్సిన పనిలేదు, ఆ మరక చాలు. కొన్ని పిల్లులకు ఫ్లీస్ లాలాజలం అస్సలు పడదు, కొద్దిపాటి కాట్లకే ఒళ్లంతా గోక్కుని పుళ్లు చేసుకుంటాయి.

ఇంకొకటి, దీన్ని చాలామంది గమనించరు. పొట్ట, తొడల లోపల నున్నగా ఉండి చర్మం మీద మచ్చ కూడా లేకపోతే, అక్కడ మిగిలిన కురచ వెంట్రుకలను వేలితో ఎదురు నిమరండి. గరుగ్గా, కొసలు తెగినట్టు తగిలితే ఆ జుట్టు రాలింది కాదు, పిల్లే నాకి నాకి తెంపుకుంటోంది. "మేం ఎప్పుడూ చూడలేదండీ" అంటారు, నిజమే, చాలా పిల్లులు ఎవరూ లేనప్పుడే నాకుతాయి. కారణం దురద కావచ్చు, మూత్రాశయంలో నొప్పి కావచ్చు, ఇంట్లోకి కొత్త పిల్లి వచ్చిన టెన్షన్ కూడా కావచ్చు. (మాటలో మాట: మగపిల్లి లిట్టర్‌లో, అంటే మలమూత్రాలకు పెట్టిన ఇసుక తొట్టెలో, కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, అది ప్రాణం మీదికి వచ్చే విషయం.)

గుండ్రటి మచ్చలుగా ఊడి, అంచున పొట్టు రేగుతుంటే తామర అనుమానించాలి. ఇది ఫంగస్, మనుషులకీ అంటుకుంటుంది. పిల్లల చేతుల మీద, మెడ మీద ఎర్రటి గుండ్రటి దురద మచ్చలు వచ్చాయని ఆయింట్‌మెంట్ రాస్తూ కూర్చుంటారు, పక్కలో పడుకునే పిల్లిని మాత్రం ఎవరూ చూడరు. పర్షియన్లలో కొన్ని పైకి ఏమీ కనపడకుండానే దీన్ని మోస్తుంటాయి. రాలిన వెంట్రుకల మీద ఈ ఫంగస్ నెలల తరబడి బతికే ఉంటుంది కాబట్టి పిల్లికి మందు వాడటంతో సరిపోదు, ఇల్లు కూడా శుభ్రం కావాలి.

అపోహ: వేసవిలో గుండు కొట్టిస్తే రాలడం ఆగుతుంది, పిల్లికి చల్లగా కూడా ఉంటుంది.

ఏప్రిల్ వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలు. గుండు కొట్టిస్తే రాలడం ఆగదు, రాలే వెంట్రుక పొట్టిదవుతుంది, అంతే. ఆ పొట్టి వెంట్రుకలు సోఫా గుడ్డలోకి గుచ్చుకుని తీయడం ఇంకా కష్టం. ఇక చల్లదనం సంగతి. ఒంటి మీది జుట్టు బయటి వేడిని కూడా చర్మం దాకా రాకుండా అడ్డుకుంటుంది, ఎండ నుంచి కాపాడుతుంది. పిల్లికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింది మెత్తల్లోనే పడుతుంది, మిగతా చల్లదనం ఒళ్లు నాక్కోవడం వల్ల వస్తుంది. కాబట్టి హైదరాబాద్‌లో, విజయవాడలో 40 డిగ్రీలు దాటిన రోజు దానికి కావాల్సింది నీడ, గాలి, రెండు మూడు చోట్ల పెట్టిన మంచినీళ్లు. నోరు తెరిచి కుక్కలా ఒగరుస్తోందంటే, దాన్ని అలవాటు అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

గుండు అవసరమయ్యే సందర్భం ఉంది. జుట్టు చర్మం దాకా జడలు కట్టి, పిల్లి కదిలినప్పుడల్లా లాగి నొప్పి పెడుతుంటే తీసేయాల్సిందే, అప్పుడు నేనే చెప్తాను. కానీ దాన్ని తెలిసినవాళ్లు మెషిన్‌తో చేయాలి. ఇంట్లో కత్తెర మాత్రం పెట్టకండి, దయచేసి. జడను పట్టుకుని పైకి లాగితే పల్చటి చర్మం కూడా దానితో పాటే లేస్తుంది, కత్తెరకు జుట్టేదో తోలేదో తెలియదు. అలా తెగి కుట్లు వేయించుకోవడానికి వచ్చే పిల్లులు కొత్తేం కాదు.

సయామీస్, హిమాలయన్ రకాల్లో మరో సంగతి: వాటి రంగు చర్మం వెచ్చదనాన్ని బట్టి ఏర్పడుతుంది, గుండు చేసిన చోట చర్మం చల్లబడి కొత్త జుట్టు ముదురు రంగులో రావచ్చు. కంగారు పడి ఫోన్ చేస్తారు. తర్వాతి విడత జుట్టుతో చాలావరకు మామూలవుతుంది.

అపోహ: కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తే పురుగులు పోయి జుట్టు నిలబడుతుంది.

ఇది ఆపేయండి. ఈ రోజే. కర్పూరం పిల్లికి విషం, ఒంటికి రాసింది ఏదైనా పావుగంటలో నాకి కడుపులోకి పంపిస్తుంది. టీ ట్రీ ఆయిల్ లాంటి ఘాటు నూనెలు, నేల తుడిచే ఫినాయిల్ కలిపిన నీళ్లతో స్నానం, ఇవన్నీ ఇంతే. కొన్ని రసాయనాలను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి మన కాలేయానికి, కుక్క కాలేయానికి ఉన్నంతగా పిల్లి కాలేయానికి లేదు. మనకు మామూలు జ్వరం మాత్ర అయిన పారాసెటమాల్ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

అన్నిటికంటే ఎక్కువ భయం నాకు కుక్కల మెడ మీద వేసే పురుగుల చుక్కల మందంటే. వాటిలో కొన్నిట్లో పర్మెత్రిన్ అనే రసాయనం ఉంటుంది. "కుక్కకి వేశాం, మిగిలింది పిల్లికి కొంచెం వేశాం" అని తెచ్చేసరికి పిల్లి వణుకుతూ, ఫిట్స్ వస్తూ ఉంటుంది. పెట్టె మీద పిల్లులకు అని స్పష్టంగా రాసి ఉండాలి, పిల్లి బరువుకు సరిపోయేది అయి ఉండాలి. సందేహం ఉంటే వేయకండి, ఫోటో తీసి మీ డాక్టర్‌కి పంపండి.

అపోహ: పాలు, పెరుగన్నం పెడితే చాలు, ఒంట్లో చలవ చేసి జుట్టు బాగుంటుంది.

వెంట్రుక దాదాపు మొత్తం ప్రొటీనే. పిల్లి పూర్తిగా మాంసాహారి, మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం దానికి తిండిలోంచే రావాలి, లేకపోతే జుట్టు మాట తర్వాత, చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. శాకాహారుల ఇళ్లలో పిల్లిని ప్రేమగా పెంచుతూ రోజూ పెరుగన్నమే పెట్టేవాళ్లను చూస్తాను. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ పిల్లి ఒళ్లు ఆ నియమానికి సర్దుకోలేదు, వండటం ఇష్టం లేకపోతే పిల్లుల కోసం తయారైన సంపూర్ణ ఆహారం ప్యాకెట్ తెచ్చి పెట్టండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. జుట్టు మెరవాలని పచ్చి గుడ్డు కొట్టి పోసేవాళ్లు దాన్ని ఉడికించి పెట్టండి, పచ్చి తెల్లసొన రోజూ తింటే జుట్టుకి అవసరమైన బయోటిన్ అనే విటమిన్‌నే ఒంటికి అందకుండా చేస్తుంది.

అపోహ: వారం వారం స్నానం చేయిస్తే రాలదు.

మన షాంపూతో వారం వారం చేయిస్తే చర్మం ఎండి పొట్టు రేగుతుంది. స్నానం కంటే దువ్వడం ముఖ్యం.

అపోహ: పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే పిల్లలకు ఆయాసం వస్తుంది.

కంచంలో పడ్డ వెంట్రుక వల్ల ఆయాసం రాదు. కానీ పిల్లి వల్ల ఎలర్జీ, ఆస్తమా ఎక్కువవడం నిజం, దాన్ని కొట్టిపారేయను. ముఖ్యమైన కారణం పిల్లి లాలాజలంలో, చర్మంలోని నూనె గ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రొటీన్, దాని పేరు ఫెల్ డి 1. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది, అది ఎండి, కంటికి కనపడని పొట్టుతో పాటు గాల్లో గంటల కొద్దీ తేలుతుంది. వెంట్రుక దాన్ని మోసే వాహనం మాత్రమే. అందుకే జుట్టు తక్కువ ఉన్న జాతి అయినా, అస్సలు లేని జాతి అయినా ఎలర్జీ రాదన్న గ్యారంటీ లేదు, "ఎలర్జీ రాని పిల్లి" అని ఎక్కువ ధర చెప్పే బ్రీడర్ మాట నమ్మకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో ఈ ప్రొటీన్ ఎక్కువ, చేయిస్తే తగ్గుతుంది.

ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే, పిల్లిని పంపించేసే ముందు వాళ్లకి ఎలర్జీ పరీక్ష చేయించండి. దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులు, బొద్దింకలు కూడా అంతే మామూలు కారణాలు. పైగా పిల్లి వెళ్లిపోయినా ఆ ప్రొటీన్ ఇంట్లో నెలల తరబడి ఉంటుంది, వారంలో తేడా కనపడలేదు కాబట్టి పిల్లి కారణం కాదని తేల్చేయడం కుదరదు. పడకగదిలోకి పిల్లిని రానివ్వకపోవడం, దువ్వే పని ఎలర్జీ లేనివాళ్లు చేయడం, వీటితో చాలా ఇళ్లలో సర్దుకుంటుంది. తీవ్రమైన ఆస్తమా అయితే ఊపిరితిత్తుల డాక్టర్ మాటే చివరి మాట, అక్కడ నేను వాదించను.

అపోహ: కడుపుతో ఉన్నవాళ్ల ఇంట్లో పిల్లి జుట్టు ఉంటే బిడ్డకు ప్రమాదం.

భయపడాల్సింది టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి, అది వచ్చేది పిల్లి మలం నుంచి, సరిగ్గా ఉడకని మాంసం నుంచి, మట్టి పోకుండా తిన్న ఆకుకూరల నుంచి. జుట్టు నుంచి కాదు. మలంలో వచ్చిన ఆ క్రిమి అంటుకునే దశకు చేరడానికి కనీసం 24 గంటలు పడుతుంది. కాబట్టి లిట్టర్‌ను రోజూ, ఇంట్లో వేరేవాళ్లు తీసేస్తే చాలు. పిల్లిని ఇంట్లోనే ఉంచి, పచ్చి మాంసం పెట్టకపోతే దానికి ఆ క్రిమి తగిలే అవకాశమే బాగా తక్కువ. పుట్టింటికి వచ్చిన అమ్మాయి కోసం ఏళ్ల తరబడి పెంచిన పిల్లిని గెంటేయాల్సిన అవసరం లేదు.

అపోహ: దగ్గితే జుట్టు ఉండ అడ్డం పడ్డట్టే.

పిల్లి నాలుక మీది ముళ్లు లోపలికి వంగి ఉంటాయి, నాకిన జుట్టు మింగక తప్పదు. చాలావరకు మలంలో పోతుంది, అప్పుడప్పుడూ పొడుగ్గా గొట్టంలా ఒక ఉండ కక్కుతుంది. అది మామూలే. కానీ మెడ ముందుకు చాచి, నేలకు ఒదిగి కూర్చుని, కీచుమంటూ దగ్గి, చివరికి ఏమీ కక్కకుండా లేచి వెళ్లిపోతుంటే, మళ్లీ మళ్లీ అలా జరుగుతుంటే అది ఆస్తమా కావచ్చు. ఫోన్‌లో వీడియో తీసి తీసుకురండి, నా ముందు ఎలాగూ దగ్గదు. పదే పదే కక్కబోతూ, తిండి మానేసి, మలం రాకుండా ఉంటే పేగులో అడ్డం పడిందేమో చూడాలి. ఉండ జారాలని ఆముదమో నూనో నోట్లో బలవంతంగా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: నాటు పిల్లికి దువ్వెన అక్కర్లేదు.

నాటు పిల్లీ రాలుస్తుంది. దానికి రబ్బరు బ్రష్‌తో వారానికి రెండుసార్లు చాలు. పర్షియన్‌కి మాత్రం రోజూ కావాలి, పళ్లు కొంచెం ఎడంగా ఉన్న స్టీల్ దువ్వెనతో, చర్మం దాకా. చాలామంది పైపైన దువ్వి నున్నగా ఉందనుకుంటారు, లోపల చంకల్లో, చెవుల వెనక, తొడల మధ్య జడలు కట్టేసి ఉంటుంది. చిన్న చిక్కు అయితే జుట్టును చర్మం దగ్గర వేళ్లతో పట్టుకుని, కొస నుంచి కొంచెం కొంచెంగా విప్పండి, చర్మం లాగదు. జుట్టు లాగేసే బ్లేడు రకం పనిముట్లను రోజూ వాడితే మంచి జుట్టు కూడా తెగిపోతుంది. ఐదు నిమిషాలకే తోక విసురుతోందంటే ఆపేయండి, మిగతాది రేపు.

దువ్వేటప్పుడు ఫ్యాన్ ఆపండి. తర్వాత చీపురు పట్టకండి, చీపురు వెంట్రుకలను గాల్లోకి లేపుతుంది, ముందు తడిగుడ్డతో తుడవండి. సోఫాకి వంటింటి రబ్బరు గ్లవుజు కొంచెం తడిపి ఒకే వైపు లాగితే వెంట్రుకలన్నీ ఒకచోటికి చుట్టుకుని వస్తాయి. పిల్లి పడుకునే చోట పాత దుప్పటి ఒకటి పరిచి, ఉతికే ముందు బయట దులిపి, ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా విడిగా వేయండి.